మంచం పక్కనే గడిచిపోయే రోజులు భక్తి లేని రోజులా?

ప్రశ్న: వందనాలండీ. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. పెళ్ళికి ముందు నుంచీ శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం, ఆదివారం పాటలు ఏదీ మానలేదు. పోయిన క్రిస్మస్ వెళ్ళిన వారానికి మా అత్తకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట రాదు. మామ లేడు. మా ఆయన రొయ్యల చెరువు కాడ పని చేస్తాడు. ఇద్దరు పిల్లలు. ఇప్పుడు నెలకు ఒక ఆదివారం చర్చికి పోతే గొప్ప. నా భక్తి చల్లారిపోయిందని సమాజంలో అనుకుంటున్నారట. బైబిలు తెరిస్తే నిద్ర ముంచుకొస్తుంది. అత్త మీద విసుక్కుంటున్నాను, తర్వాత ఏడుస్తున్నాను. పక్కింటి వాళ్ళు హిందువులు, మాకు చాలా సాయంగా ఉన్నారు. వాళ్ళకు ఏమన్నా చేద్దామంటే మతం కోసం చేస్తున్నాననుకుంటారేమోనని భయం. నెలకు రెండు మూడొందలు మించి మిగలవు. పొద్దున లేస్తే గంజి కాయడం, గుడ్డలు ఉతకడం. వీటిలో దేవునికి నేను చేసిందేముంది?

జవాబు:

సోదరీ, వందనాలు. మీరు చివర అడిగిన మాటతోనే మొదలుపెడదాం. భక్తి అంటే ఏమిటో మన తెలుగు బైబిలు సూటిగా చెప్పిన చోట్లు రెండున్నాయి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనంలో, దేవుని ఎదుట పవిత్రమైన భక్తి అంటే దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వాళ్ళ ఇబ్బందిలో పరామర్శించడం, లోకమాలిన్యం అంటకుండా ఉండడం అని ఉంది. తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం 4వ వచనంలో, విధవరాలికి పిల్లలో మనవలో ఉంటే వాళ్ళు మొదట తమ ఇంటివారి యెడల భక్తి కనుపరచడం నేర్చుకోవాలని ఉంది. రెండు చోట్లా మాట భక్తే. రెండు చోట్లా ఎదురుగా ఉన్నది విధవరాలే. మీ ఇంట్లో మంచం మీద ఉన్నదీ విధవరాలే. "మొదట" అన్న మాటను కూడా వదలకండి. తీరిక దొరికితే చేసే పనుల్లో పౌలు దీన్ని వెయ్యలేదు.

మార్కు 7వ అధ్యాయంలో యేసు ప్రభువు కోపగించుకున్నది ఎవరి మీద? తల్లిదండ్రులకు పెట్టాల్సిన దాన్ని "కొర్బాను", అంటే దేవునికి అర్పితం అని చెప్పి చేతులు దులుపుకునే వాళ్ళ మీద. తల్లి నోటి దగ్గరి ముద్ద తీసి బలిపీఠం మీద పెడితే దేవుడు దాన్ని కానుకగా తీసుకోడని ఆ మాటల అర్థం. మీ అత్తగారిని ఒంటరిగా వదిలేసి మీరు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్ళి ఉంటే, అప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడగాల్సింది.

ఇంతవరకూ ఓదార్పు. ఇక పని సంగతి.

ప్రేమ ఉంటే మిగతావి వాటంతటవే తెలుస్తాయని చాలామంది అనుకుంటారు. మంచాన పడ్డ మనిషి విషయంలో అది నిజం కాదు. కన్నబిడ్డలా చూసుకునే ఇళ్ళలోనే నడుం కింద పుండ్లు పడుతుంటాయి, ప్రేమగా తాగించిన మంచినీళ్ళే ఊపిరితిత్తుల్లోకి పోతుంటాయి. ఆమె ఒంటికి ఏది నొప్పో, ఏది సుఖమో తెలుసుకుని చెయ్యడం ప్రేమలో సగం. అందుకే కొంచెం వివరంగా చెబుతాం, ఓపికగా చదవండి.

అన్నిటికంటే ముఖ్యం పక్క తిప్పడం. రెండు గంటలకు మించి ఒకే పక్క ఉండనివ్వకూడదు. ఎముకకూ మంచానికీ మధ్య నలిగిన చోట రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది, అదే పుండవుతుంది. ఒకసారి ఎడమ పక్క, తర్వాత వెల్లకిలా, తర్వాత కుడి పక్క. పక్కకు తిప్పినప్పుడు పూర్తిగా తుంటి ఎముక మీద పడుకోబెట్టకుండా, వీపు వెనక దిండు ఆనించి ఏటవాలుగా ఉంచండి. మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టండి. పిక్కల కింద మడత దుప్పటి పెడితే మడమలు పక్కకు ఆనకుండా గాలిలో ఉంటాయి. పడిపోయిన కుడి పక్కకు తిప్పినప్పుడు ఆ భుజం ఒంటి కింద నలగకుండా, కింద చెయ్యి పెట్టి మెల్లగా ముందుకు జరపండి. ఆ పక్క నొప్పి ఆమెకు తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పలేదు. నులక మంచం అయితే నడుం దగ్గర గుంట పడి అక్కడే బరువంతా పడుతుంది. బల్ల మంచం మీద పరుపు మంచిది. వీలైతే ఎయిర్ బెడ్ అద్దెకో, తెలిసిన వాళ్ళ దగ్గరో సంపాదించండి.

పైకి జరపాలంటే చంకల్లో చేతులు పెట్టి లాగొద్దు. పడిపోయిన చెయ్యి పట్టుకుని అసలే లాగొద్దు, భుజం కీలు జారుతుంది. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద పరిచి ఉంచండి. ఇటు మీరు, అటు ఇంకొకరు ఆ చీర అంచులు పట్టి ఎత్తి జరిపితే చర్మం రాసుకుపోదు. తిప్పిన ప్రతిసారీ తుంటి, నడుం కింది ఎముక, మడమలు, చీలమండలు, చెవులు చూడండి. మన ఒంటి రంగులో ఎరుపు సరిగా కనపడదు. నల్లగా కమిలినట్టుందా, తాకితే వేడిగా గట్టిగా ఉందా అని వేలితో చూడాలి. అలా ఉంటే అక్కడ రుద్దొద్దు, నూనె పెట్టి మర్దన చెయ్యొద్దు, ఆ పక్క మీద బరువు వెయ్యకుండా తిప్పి ఉంచండి. అది తగ్గకపోతే, చర్మం లేచినా, డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు మీ ప్రార్థన సంగతి. అపొస్తలులకు ప్రార్థన వేళలుండేవి. పేతురు, యోహాను పగలు మూడు గంటలకు ప్రార్థన కాలమున దేవాలయానికి వెళ్ళారని అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయంలో చదువుతాం. మీకూ వేళలున్నాయి. ఉదయం ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, మధ్యాహ్నం రెండు, నాలుగు, సాయంత్రం లోపే ఆరుసార్లు మీరు ఆమెను పక్క తిప్పుతారు. ఇరవై మూడవ కీర్తనలో వచనాలు ఆరు. ఒక్కోసారి ఒక్కో వచనం, ఆమె చెవి దగ్గర, ఆమెకు వినపడేలా, మెల్లగా చెప్పండి. చేతులు పని చేస్తూనే ఉంటాయి. దీనికి పుస్తకం తెరవక్కర్లేదు, నిద్ర వచ్చే వీలూ లేదు. నెల తిరిగేసరికి ఆ కీర్తన ఇద్దరి నోటా ఉంటుంది. తర్వాత ఇంకో కీర్తన తీసుకోండి.

ఆమె నోటా అని ఊరికే అనలేదు. కుడి పక్క పడిపోయి మాట పోయిన వాళ్ళలో కొందరికి, మాట్లాడబోతే మాట రాదు కానీ చిన్నప్పటి నుంచి పాడిన పాట ఎత్తుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి. మాట్లాడే చోటు మెదడులో ఎక్కువగా ఎడమ వైపు ఉంటుంది, పాటకు కుడి వైపు కూడా ఆసరా ఇస్తుంది. ఏళ్ళ తరబడి ఆమె చర్చిలో పాడిన పాటల్లో ఒకటి, ఆమెకు ఇష్టమైనది, మీ కొత్త పాట కాదు, పల్లవి ఎత్తి సగంలో ఆగండి. అందుకోవడానికి ఆమెకు టైం ఇవ్వండి. మొదటి రోజు రాకపోవచ్చు, పెదవులు కదిలినా చాలు. పిల్లల్ని కూర్చోబెట్టి పాడించండి, వాళ్ళు మీకంటే ఓపికగా పాడతారు.

తిండి పెట్టడంలో తొందర ప్రమాదం. పడుకోబెట్టి పొయ్యకండి. దిండ్లు పెట్టి వీలైనంత నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, అర చెంచా చొప్పున నోటి ఎడమ పక్క పెట్టండి. మింగిందని గొంతు కదలిక చూసి ఇంకో చెంచా పెట్టాలి. కుడి బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి. చివర వేలికి తడిగుడ్డ చుట్టి తీసెయ్యాలి, లేకపోతే పడుకున్నాక అవే గొంతుకు అడ్డం పడతాయి. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. పల్చటి నీళ్ళు, మజ్జిగ గబుక్కున జారి దారి తప్పుతాయి. చిక్కటి గంజి, మెత్తగా పిసికిన పెరుగన్నం, పప్పు కట్టులో మెదిపిన అన్నం నయం. తింటుంటే దగ్గు వస్తున్నా, తిన్నాక గొంతు గుడగుడలాడుతున్నా ఆపేసి డాక్టరుకు చెప్పండి. మన వైపు ఒకరిని చూడబోతే చేపల పులుసు గిన్నెతో పోవడం మర్యాద. ముల్లున్న చేప, పులుపు, కారం ఈమెకు పనికిరావు. మీ అత్తగారికి చేప ప్రాణం అయితే, ముల్లు లేని చోట కండ తీసి, ఆవిరి మీద ఉడికించి, వేళ్ళతో రెండుసార్లు నలిపి చూసి అన్నంలో కలపండి. లేచిన ప్రభువు గలిలయ సముద్రం ఒడ్డున, రాత్రంతా వల వేసి అలిసిన శిష్యులకు బొగ్గుల మీద చేపలు కాల్చి, రొట్టె పెట్టి, రండి భోజనం చెయ్యండి అన్నాడు. యోహాను 21వ అధ్యాయం. పేతురును ఏమీ అడగక ముందు తిండి పెట్టాడు.

ఒళ్ళు తుడిచేటప్పుడు నీళ్ళ వేడి మీ మోచేతి లోపలి వైపు చూసుకోండి. ఆమె కుడి పక్కకు వేడి తెలియకపోతే కాలినా అరవలేదు. రవిక తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు, తీసేటప్పుడు ఆ చేతికి చివర. తలుపు వేసి, దుప్పటి కప్పి, ఏ భాగం తుడుస్తున్నారో అంతవరకే తియ్యండి. "అత్తా, ఇప్పుడు కాళ్ళు తుడుస్తున్నా" అని ముందు చెప్పి అప్పుడు చెయ్యి వెయ్యండి. మాట పోయిన మనిషికి సిగ్గు పోలేదు. మనవళ్ళ ఎదుట గుడ్డ మార్చడం ఆమెకు ఎంత నరకమో ఆమె చెప్పలేదు. పాదాలు కడిగిన రాత్రి ప్రభువు ఏం చేశాడో యోహాను 13లో ఒక్కో పనీ విడిగా రాశాడు. పైవస్త్రం తీసి పెట్టాడు, తువాలు నడుముకు కట్టాడు, పళ్ళెంలో నీళ్ళు పోశాడు, కడిగాడు, కట్టుకున్న తువాలుతో తుడిచాడు. తుడవడం కూడా వదల్లేదు. మంచాన ఉన్న మనిషికి కాలివేళ్ళ సందులు, తొడల సందులు, రొమ్ముల కింద తడి మిగిలితే చర్మం ఒరుస్తుంది. తుడిచాక ఆరనివ్వండి. పౌడరు గుప్పిస్తే చెమటకు ముద్దకట్టి ఇంకా ఒరుస్తుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ప్రార్థన చేయించాం, విశ్వాసం ఉంది అని బీపీ, షుగరు మాత్రలు ఆపేసే ఇళ్ళున్నాయి. ఆపొద్దు. రెండోసారి పక్షవాతం రావడానికి అదో పెద్ద కారణం. ఏ దైవజనుడు వచ్చి ఆపమన్నా ఆపొద్దు. ప్రార్థన చెయ్యండి, మాత్ర ఇవ్వండి. పెద్ద మాత్ర పొడి చెయ్యవచ్చా లేదా అన్నది మందుల షాపులో కాదు, రాసిన డాక్టరునే అడగండి. కొన్నిటిని పొడి చెయ్యకూడదు.

విసుగు గురించి రాశారు. అది ఎప్పుడు వస్తుందో నాలుగు రోజులు గమనించండి. చాలామందికి అది రాత్రి మూడోసారి లేచినప్పుడో, మధ్యాహ్నం రెండు దాటినా తాము అన్నం తిననప్పుడో వస్తుంది. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవుడు అతనికి ముందు బోధ చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి, మళ్ళీ పెట్టాడు. మాట్లాడింది ఆ తర్వాతే. మీరు అత్తకు పెట్టక ముందు మీరు నాలుగు ముద్దలు తినండి, ఇది స్వార్థం కాదు. రాత్రి నిద్ర కోసం మీ ఆయనతో ఒప్పందం చేసుకోండి. తల్లి ఆయనది. ఇంట్లో ఉన్న రాత్రుల్లో రెండు గంటల దాకా ఆయన, తర్వాత మీరు. మగవాడికి ఇవి చేతకావంటారు. పక్క తిప్పడానికి బలం కావాలి, అది ఆయనకే ఎక్కువ. ఎయిర్ బెడ్ ఉండి చర్మం బాగుంటే రాత్రిపూట నాలుగు గంటలకొకసారి తిప్పితే సరిపోతుందేమో డాక్టరును అడగండి. ఒప్పుకుంటే మీకు తెగని నిద్ర కొంత దొరుకుతుంది.

విసుక్కున్న రోజు ఏం చెయ్యాలంటారా? ఆ రోజే, దీపం ఆర్పక ముందే, ఆమె చూస్తుండగా ఎదురుగా కూర్చుని చెప్పండి. "అత్తా, పొద్దున గిన్నె విసురుగా పెట్టాను. తప్పు చేశాను. క్షమించు." చేసింది ఏమిటో పేరు పెట్టి చెప్పాలి, చివర "కానీ నువ్వు కూడా" అనకూడదు. బాగున్న ఎడమ చెయ్యి పట్టుకోండి, ఆమె నొక్కితే అదే జవాబు. ఒంటరిగా గదిలో ఏడ్చి దేవుణ్ణి క్షమాపణ అడగడం సులువు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో చెప్పింది ఇందుకే. ఒకటి మాత్రం, చెయ్యి లేచేదాకా వచ్చిందంటే అది క్షమాపణతో తీరేది కాదు. ఆ క్షణం ఆమెను భద్రంగా పడుకోబెట్టి, పది నిమిషాలు బయటికి వచ్చెయ్యండి, పక్కింటామెను కూర్చోమనండి.

ఇక్కడ మంచి సమరయుడి సంగతి ఒకటి. లూకా 10 చదివేటప్పుడు అతను నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టింది, తన వాహనం మీద ఎక్కించింది, పూటకూళ్ళ ఇంట ఆ రాత్రి చూసుకుంది మనకు గుర్తుంటాయి. మర్నాడు ఏం చేశాడు? రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, పూటకూళ్ళవాడి చేతిలో పెట్టి, వీణ్ణి చూసుకో, ఎక్కువైతే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని తన దారిన వెళ్ళాడు. ఇంకొకరికి అప్పజెప్పాడు. అయినా ప్రభువు అతన్నే మాదిరిగా చూపించాడు. అన్నీ మీ ఒక్కరే చెయ్యాలని ఎక్కడా లేదు.

కాబట్టి స్త్రీల సమాజం వాళ్ళను అడగండి. మాటలు పడ్డారు కాబట్టి అడగబుద్ధి కాదు, తెలుసు. వాళ్ళలో చాలామందికి మీ ఇంట్లో ఏం జరుగుతోందో తెలియదు. "సాయం చెయ్యండి" అని అడిగితే "అయ్యో, అలాగేనమ్మా" అంటారు, ఎవరూ రారు. పనికి పేరు, రోజు, గంట పెట్టి అడగండి. "అక్కా, ఆదివారం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మీరొక వారం, మీ కోడలొక వారం మా అత్త దగ్గర కూర్చుంటారా? పదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి పక్క తిప్పాలి, నేను చూపిస్తా." ముందు ఒకసారి మీ ఎదుట చేయించి చూసుకోండి. నలుగురు దొరికితే నాలుగు ఆదివారాలూ మీరు చర్చిలో ఉంటారు, వాళ్ళు ఒక్కొక్కరికీ నెలకు పోయేది ఒక్క ఆరాధన. పరామర్శకు వచ్చేవాళ్ళకు కూడా మొహమాటపడకుండా చెప్పండి. పావుగంట చాలు, మంచం మీద కూర్చోవద్దు, ఆమె నిద్రలో ఉంటే పెద్ద గొంతుతో ప్రార్థన వద్దు, ఆమె ఎదుట "పాపం, ఎన్నాళ్ళో" అనొద్దు. మాట రాదు గానీ వినపడుతుంది.

ఇదంతా చదివి, పనే ప్రార్థన కదా, విడిగా ప్రార్థన దేనికి అనుకోకండి. మార్తను ప్రభువు వంట చేసినందుకు మందలించలేదు, అనేకమైన పనులతో తొందరపడి మనసు చెదిరినందుకు మందలించాడు. రోజుకు పది నిమిషాలు చేతిలో పని లేకుండా కూర్చోండి. రాత్రి పూట పెట్టుకోవద్దు, నిద్రే వస్తుంది. పిల్లలు బడికి వెళ్ళాక, ఎనిమిది గంటలకు పక్క తిప్పిన వెంటనే మంచిది, ఎందుకంటే తర్వాతి పని పదింటికే. సువార్తలో ఒక్క సంఘటన, పది పన్నెండు వచనాలు, అంతే. ఏడాదిలో బైబిలు పూర్తి చేసే పట్టికను ఈ ఏడాదికి పక్కన పెట్టండి.

డబ్బు సంగతికి వస్తే, రెండు మూడొందలతో చేసేవి చాలా ఉన్నాయి. లేనివాళ్ళ కోసం తీసే గుప్పెడు బియ్యం మీకు తెలిసిందే. ఎసరులో పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తే, గుప్పెడు యాభై గ్రాముల లెక్కన నెలకు కేజీన్నర అవుతుంది. రెండు నియమాలు. మీరు తినే బియ్యమే తియ్యాలి, మీకు నచ్చక పక్కన పెట్టినవి కాదు. నెల నెలా ఖాళీ చెయ్యాలి, లేకపోతే ముక్కపురుగు పట్టిన బియ్యం ఇవ్వాల్సి వస్తుంది.

మీ ఇల్లు దారి మీద ఉంటే, ఎండాకాలం గేటు దగ్గర ఒక కుండ పెట్టండి. చన్నీళ్ళ గిన్నె ఇచ్చినవాడు ఫలం పోగొట్టుకోడని మత్తయి 10లో మాట. పదిహేను లీటర్ల కుండలో పావు లీటరు గ్లాసులు అరవై వస్తాయి, దారిన పోయే కూలి మనుషులకు ఒక పూటకు చాలు. కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళు పోసి ఉంచి ఆ నీళ్ళు పారబోయండి, మట్టి వాసన పోతుంది. సబ్బుతో తోమొద్దు, కుండ సబ్బు పీల్చుకుని నీళ్ళకు పట్టిస్తుంది. కొబ్బరి పీచు, ఉప్పు చాలు. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కనిగిరి వైపు చల్లబడినంతగా మీ దగ్గర కుండ నీళ్ళు చల్లబడవు. గాలి ఆడే నీడలో తడి ఇసుక మీద పెట్టి, చుట్టూ గోనె పట్టా తడిపి కట్టండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే పొయ్యొద్దు, మీరు తాగే నీళ్ళే పొయ్యండి. మూత, పొడుగు కాడ ఉన్న గరిటె పెట్టాలి, చేతులు ముంచితే పూటకే నీళ్ళు పాడవుతాయి. సాయంత్రం మిగిలినవి మొక్కలకు పోసి, కుండ కడిగి బోర్లించండి. రెండు రోజులు కడగకపోతే లోపల జిగురు పడుతుంది. జిగురు పట్టిన కుండ పెట్టేకంటే పెట్టకపోవడం మేలు. రోజూ కడిగే ఓపిక ఈ ఎండాకాలం మీకు లేకపోతే వచ్చే ఎండాకాలం చూద్దాం. పిల్లల్లో పెద్దవాడు ఆ పని తీసుకుంటానంటే ఇంకా మంచిది.

పక్కింటి వాళ్ళ విషయంలో మీ భయం మంచి భయమే, అలాగే ఉండనివ్వండి. ఈ నేల మీదే దానికి ఒక పాఠం ఉంది. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, తీరం వెంట తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్న వాళ్ళకు పార, తట్ట, కూలి దొరికాయి. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కరువు సాయం సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదని. సాయం ఆగాకే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నాన్నీ మతాన్నీ ఒకే గిన్నెలో పెట్టకూడదని ఆయనకు తెలుసు. మీరూ అంతే చెయ్యండి. వాళ్ళ గిన్నె మీ ఇంట్లో ఉంటే ఖాళీగా పంపకండి. కానీ శనివారం, కార్తీక మాసం నీసు వండిన గిన్నెలో ఏదీ పెట్టి పంపకండి. అరటిపండ్లో, మీ పెరట్లో కాసిన కూరగాయలో పంపండి. దాని కింద కరపత్రం పెట్టకండి. వాళ్ళ పిల్లకు జ్వరం వస్తే మీ పిల్లల్ని పంపి మందులు తెప్పించండి. వాళ్ళు అడిగితే మీ విశ్వాసం గురించి చెప్పండి, అడగకపోతే సాయం సాయంగానే ఉండనివ్వండి. ఇంకోటి, వాళ్ళు చేసే సాయాన్ని మొహమాటం లేకుండా తీసుకోండి. సమరయుడి చేత కట్టు కట్టించుకున్న వాడు, నువ్వెవరు అని అడగలేదు.

చివరగా మీరు అడగనిది ఒకటి. మీ అత్తగారు ప్రభు బల్లలో, అంటే చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసంలో పాలుపొంది ఎన్ని నెలలైందో? ఆమెకు ఆ ఆకలి ఉండే ఉంటుంది. పాస్టరు గారిని ఒక ఆదివారం సాయంత్రం బల్ల ఇంటికి తెమ్మనండి, ఆ రోజు మీరూ ఆమెతో కలిసి తీసుకోవచ్చు. ముందే ఆయనకు రెండు మాటలు చెప్పి ఉంచండి. అరగంట ముందు ఆమెను కూర్చోబెట్టి, నోరు తడిగుడ్డతో శుభ్రం చేసి సిద్ధంగా ఉంచండి. రొట్టె గోరంత ముక్క చాలు, ద్రాక్షరసంలో బాగా నానబెట్టి, చెంచాతో ఎడమ పక్క పెట్టాలి. గిన్నె నోటికి ఎత్తి పొయ్యొద్దు. నోటితో ఏమీ ఇవ్వొద్దని డాక్టరు చెప్పి ఉంటే, ద్రాక్షరసంలో ముంచిన ముక్కను పెదవులకు తాకించి మీరు తినండి. ఆమె గొంతు కదిలి, మింగిందని మీరు తల ఊపేదాకా తర్వాతి మాట మొదలుపెట్టొద్దని పాస్టరు గారికి చెప్పండి.